అరచేతిలో మన దుకాణం

మండల సమాఖ్య వార్షిక మహాసభలో పచ్చళ్ల యూనిట్ తరఫున గ్రూపు లీడరు చేసిన ప్రసంగం



ఏటా ఈ సభలో పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి వాయిదాల గురించి మాట్లాడుకుంటాం. అప్పు తెచ్చుకోవడం మనకు వచ్చింది. వేళకు కట్టడం కూడా వచ్చింది. ఆవకాయ కలపడం, కందిపొడి కొట్టడం, సున్నుండలు చుట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. సరుకు అమ్ముకునే దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ వెనకబడే ఉన్నాం. ఊళ్లో అమ్మితే పది ఇళ్లు. షాపు వాళ్లకి ఇస్తే వాళ్లు చెప్పిందే ధర, వాళ్లు ఇచ్చినప్పుడే డబ్బులు. సరస్ మేళాలో స్టాలు దొరికితే ఆ నాలుగు రోజులూ పండగే, తర్వాత మళ్లీ మామూలే. మేళాలో కొన్నవాళ్లు అందరూ అడిగే మాట ఒకటుంది. "మళ్లీ కావాలంటే ఎలాగమ్మా? ఆన్‌లైన్‌లో ఉన్నారా?" అని.

ఆ మాట విని విని మా యూనిట్‌కి వెబ్‌సైట్ పెట్టించుకున్నాం. తర్వాత దాన్ని ఫోన్లో కొనేవాళ్లకి పనికొచ్చేలా సరిచేయించుకున్నాం. ఆ సంగతులు చెప్పమని సమాఖ్య అడిగింది. మేము పదో తరగతి చదువుకున్నవాళ్లం, కంప్యూటరు కోర్సులు చేసినవాళ్లం కాదు. కాబట్టి మనందరికీ అర్థమయ్యే మాటల్లోనే చెబుతాం.

ముందుగా, ఫోను గురించే ఎందుకు ఇంతగా చెబుతున్నామంటే, మన దగ్గర కొనేవాళ్లలో కంప్యూటరు ముందు కూర్చుని పచ్చడి కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? 2016లో డేటా చవకైంది. యు.పి.ఐ. మొదలైంది కూడా ఆ ఏడాదే. అప్పట్నుంచి కొనడం, డబ్బు కట్టడం రెండూ ఒకే ఫోన్లోకి వచ్చేశాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే అమ్మాయి మెట్రోలో నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చూస్తుంది. బెంగళూరులో ఉన్న మన ఊరి కోడలు పిల్లని నిద్రపుచ్చుతూ చూస్తుంది. వాళ్లకి ఖాళీగా ఉండేది ఒక్క బొటనవేలే. ఆ ఒక్క వేలితో మన గోంగూర పచ్చడి కొనగలిగితే కొంటారు. లేకపోతే "తర్వాత చూద్దాంలే" అని మూసేస్తారు. ఆ తర్వాత అనేది రాదు. గూగుల్ కూడా 2015 ఏప్రిల్ నుంచి, ఫోన్లో వెతికేవాళ్లకి ఫోన్లో బాగా కనబడే పేజీలనే ముందుకు తెస్తోంది.

సైటు చేసిచ్చిన ఆయన టౌన్లో పెద్ద కంప్యూటరు మీద తెరిచి చూపించారు. చాలా బాగుంది. ఊరికి వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం మా యూనిట్ వాళ్లం ఏడుగురం వసారాలో కూర్చుని ఒక పని పెట్టుకున్నాం. ఎవరి ఫోన్లో వాళ్లు సైటు తెరవాలి, అరకిలో గోంగూర పచ్చడి కొనాలి, పక్కవాళ్లని అడగకూడదు. అంతే. ఒకరికి పైన బొమ్మ రావడానికే చాలాసేపు పట్టింది. ఒకరికి అక్షరాలు చీమల్లా ఉన్నాయి, రెండు వేళ్లతో లాగితే అక్షరం పెద్దదై వాక్యం తెర బయటికి పోయింది. ఒకక్క గోంగూర నొక్కితే పక్కనున్న ఉసిరి వచ్చింది. ఇంకో అక్కకి అంతా ఇంగ్లీషులో గళ్లే గళ్లు, ఏ గడిలో ఏం రాయాలో తెలియలేదు. చివరిదాకా వెళ్లింది ఇద్దరే. మన సరుకు మనమే కొనడానికి ఇంత పాటు అయితే, మనమెవరో తెలియని ఆవిడకి అంత ఓపిక ఎందుకుంటుంది?

ఆ సాయంత్రం ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. ఆ కాగితమే మాకు దారి చూపించింది. అందులో ఉన్నవి ఒక్కొక్కటీ చెబుతాం.

మొదటిది బరువు. పేజీకి బరువేమిటి అంటారేమో. ఉంటుందండీ. ఇప్పటి ఫోన్లతో తీసిన ఒక్క ఫోటో మూడు నాలుగు ఎం.బి. ఉంటుంది. అలాంటివి పది పెడితే మన ఊళ్లో సిగ్నల్ తక్కువున్న చోట ఆ పేజీ తెరుచుకునేలోపు బియ్యం కడిగి ఎసట్లో పోసెయ్యొచ్చు. ఫోన్ తెర మీద చూసేందుకు అంత పెద్ద ఫోటో అక్కర్లేదు. నూటయాభై, రెండొందల కె.బి. ఉంటే శుభ్రంగా కనబడుతుంది. సైటు చేసేవాళ్లతో "ప్రతి ఫోటో తగ్గించి పెట్టండి" అని చెప్పాలి. మనమే చేసుకోవాలంటే సులువు దారి ఉంది. ఫోటోని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా, డాక్యుమెంటుగా కాకుండా, మన గ్రూపుకే పంపి మళ్లీ సేవ్ చేసుకుంటే చాలా తగ్గిపోతుంది. ఇక పైన వాటంతటవే తిరిగే బొమ్మలు, తెరవగానే మోగే వీడియోలు తీయించేశాం. అవి చూసి మురిసేది మనమే, కొనేవాళ్ల డేటా మాత్రం ఖర్చవుతుంది.

ఫోటోలు తీసే పద్ధతి కూడా మార్చాం. లైటు వేసి గదిలో తీస్తే ఆవకాయ నల్లగా పడుతోంది. పొద్దున్న తొమ్మిది, పది గంటలప్పుడు వసారాలో, ఎండ నేరుగా పడనిచోట, తెల్ల గుడ్డ పరిచి తీస్తున్నాం. ఒక ఫోటో సీసాది, ఒక ఫోటో గిన్నెలో వేసింది, ఒకటి లేబులు చదవడానికి వీలుగా దగ్గరగా తీసింది. మూడు చాలు. ఇంటర్నెట్లో దొరికే వేరేవాళ్ల పచ్చడి ఫోటో పెట్టవద్దు. వచ్చిన సరుకు ఫోటోలా లేకపోతే మళ్లీ కొనరు.

రెండోది అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయిన కొలత తెలుగుకి సరిపోదు. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య ఎడం లేకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకి తగులుతుంది. అందుకని తెలుగు అక్షరం కాస్త పెద్దగా, వరసల మధ్య ఖాళీ ఎక్కువగా పెట్టించాం. ఇంకో సంగతి, పెళ్లి కార్డులూ ఫ్లెక్సీలూ చేసే డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన మాటర్ తీసుకెళ్లి సైటులో అతికిస్తే ఫోన్లో పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టిందే అన్ని ఫోన్లలోనూ తెలుగులా కనబడుతుంది. యూనికోడ్‌లో ఉంటేనే "గోంగూర పచ్చడి" అని తెలుగులో వెతికేవాళ్లకి మన పేరు దొరుకుతుంది. ధరల పట్టికని బొమ్మగా పెడితే వెతికినా దొరకదు, ధర మారినప్పుడల్లా బొమ్మ మళ్లీ చేయించాలి. ఫోన్ నంబరు కూడా బొమ్మలో ఉండకూడదు. నొక్కితే కాల్ వెళ్లేలా ఉండాలి.

మూడోది బటన్లు. గోంగూర నొక్కితే ఉసిరి రావడానికి కారణం, రెండు బటన్లూ ఆనుకుని ఉండటమే. మన వేళ్లు కారాలు కలిపిన వేళ్లు, మొద్దుబారి ఉంటాయి. కొనేవాళ్లలో పెద్దవాళ్లూ ఉంటారు. ప్రతి బటనూ బొటనవేలి కొస అంత వెడల్పు, అంటే సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి. పక్కదానికి కొంచెం దూరం ఉండాలి. కొనే బటను తెర కింది వైపు, వేలు అందే చోట ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

నాలుగోది, మొదటి తెర మీద ఏం ఉండాలి అన్నది. మా సైటులో పైన మా గ్రూపు చరిత్ర, మాకొచ్చిన షీల్డులు ఉండేవి. అవి కిందకి దించాం. కొనేవాళ్లకి ముందు కావాల్సినవి సరుకు ఫోటో, పేరు, బరువు, ధర, పంపే ఖర్చు, ఎన్ని రోజుల్లో వస్తుంది, కొనే బటను. ఇవి ఒక్క తెరలో ఇమిడితే సగం పని అయినట్టే. పంపే ఖర్చు చివర్లో చెప్పడం మంచిది కాదు. అరకిలో పచ్చడి అంటే సీసా, మూత, బబుల్ కవరు, అట్టపెట్టె కలిపి అరకిలో దాటిపోతుంది. కొరియర్ వాళ్లు తూకాన్ని మెట్లుమెట్లుగా లెక్కేస్తారు కాబట్టి కాస్త దాటినా పై మెట్టు రేటు పడుతుంది. ఆ లెక్క మనం ముందే వేసుకుని "పంపే ఖర్చుతో కలిపి ఇంత" అని చెబితే, చివర్లో రేటు పెరిగిందని వదిలేసేవాళ్లు తగ్గుతారు.

అలాగే చట్టం అడిగేవీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాకెట్ల విషయంలో తూనికలు కొలతల నిబంధనల ప్రకారం 2018 జనవరి నుంచి, తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, పన్నులతో కలిపి ఎం.ఆర్.పి., ఫిర్యాదు చెప్పుకోవడానికి నంబరు పేజీలోనే కనబడాలి. తినే సరుకు కాబట్టి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారిచ్చిన 14 అంకెల నంబరు ఉండాలి. ఏ నూనె వాడామో, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో కూడా రాస్తున్నాం. ఇవి భయపడి రాసేవి కావండీ. మేళాలో మన ముఖం చూసి నమ్మి కొంటారు, ఫోన్లో ముఖం ఉండదు కదా. ఆ నమ్మకం ఈ నాలుగు వరసలతోనే రావాలి. వేరే రాష్ట్రానికి సరుకు పంపాలనుకుంటే జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ సంగతి కూడా ముందుగానే అకౌంటెంటుని అడిగి తెలుసుకోండి.

అయిదోది ఆర్డరు ఫారం. మా ఫారంలో మొదట్లో పధ్నాలుగు గళ్లు ఉండేవి. ఈమెయిలు, పాస్‌వర్డు, పుట్టిన తేదీ కూడా. పచ్చడికి పుట్టిన తేదీ దేనికి? ఇప్పుడు అయిదే ఉన్నాయి. పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడు, చిరునామా, దగ్గర గుర్తు. ఫోన్ నంబరు, పిన్‌కోడు దగ్గర వేలు పెట్టగానే అంకెల కీబోర్డే రావాలని అడిగి చేయించాం. చిన్న మార్పే, దాని వల్ల పిన్‌కోడులో తప్పులు తగ్గాయి. ఆరు అంకెల్లో ఒక అంకె తప్పితే పార్సెలు ఇంకో ఊరు తిరిగి మన దగ్గరికే వస్తుంది, రెండు వైపుల ఖర్చూ మన మీదే పడుతుంది. ఖాతా తెరిస్తేనే కొనాలి అనే షరతు తీయించేశాం. ఫారం దగ్గర గడి పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టించాం, ఎందుకంటే బయట పెరిగిన మన పిల్లలకి తెలుగు చదవడం రాదు, ఇక్కడి పెద్దవాళ్లకి ఇంగ్లీషు రాదు.

ఆరోది డబ్బు కట్టడం. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. చాలామంది సైటులో క్యూ.ఆర్. కోడు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. మన దుకాణంలో గోడకి అంటించిన క్యూ.ఆర్. అయితే ఎదుటివాళ్లు ఫోన్ తీసి స్కాన్ చేస్తారు. ఆ క్యూ.ఆర్. వాళ్ల ఫోన్ తెర మీదే ఉంటే వాళ్లు ఏ ఫోన్‌తో స్కాన్ చేస్తారు? బొమ్మ దాచుకుని మళ్లీ యాప్‌లోకి తెచ్చుకోవడం అందరికీ రాదు. అందుకని "చెల్లించండి" అని నొక్కగానే వాళ్ల ఫోన్లో ఉన్న యు.పి.ఐ. యాపే తెరుచుకుని, మొత్తం దానంతటదే పడేలా చేయించుకోవాలి. దానికి మన గ్రూపు బ్యాంకు ఖాతాని పేమెంట్ గేట్‌వేకి కలపాలి. వాళ్లు తీసుకునే రుసుము ఎంతో ముందే అడిగి ధరలో లెక్క వేసుకోవాలి. ఖాతా గ్రూపు పేరు మీదే ఉండాలి. ఒక్క సభ్యురాలి పేరు మీదో, ఆమె ఇంటాయన పేరు మీదో ఉంటే లెక్కల్లో ఎప్పటికైనా మాట వస్తుంది.

మోసాల గురించి రెండు మాటలు. డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ పంపితే సరుకు పంపకండి. మన ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పంపండి. మనకి డబ్బు రావడానికి మనం పిన్ కొట్టక్కర్లేదు, ఏదీ స్కాన్ చేయక్కర్లేదు. "పెద్ద ఆర్డరమ్మా, డబ్బు పంపుతున్నాం, మీ పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది దొంగ మాటే. పొరపాటున ఎవరి డబ్బయినా పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోన్ చేయాలి.

ఏడోది వాట్సాప్. కొందరు ఎంత చక్కని సైటు ఉన్నా ఒక మాట అడిగితే గానీ కొనరు. "కారం ఎక్కువుంటుందా? వెల్లుల్లి వేస్తారా?" అని. అలాంటివాళ్ల కోసం ప్రతి సరుకు దగ్గరా వాట్సాప్ బటను పెట్టించాం. నొక్కితే ఆ సరుకు పేరుతోనే మాకు మెసేజీ వస్తుంది. ఇక్కడ ఆడవాళ్లుగా మనం చూసుకోవాల్సింది ఒకటుంది. ఎవరి సొంత నంబరూ సైటులో పెట్టకండి. రాత్రి పదకొండుకి వీడియో కాల్ చేసేవాళ్లు ఉంటారు. ఒక సభ్యురాలికి అలాంటి కాల్స్ వస్తే ఇంట్లో మాట పడేది ఆమే, చివరికి పని మానేసేదీ ఆమే. కాబట్టి గ్రూపు పేరు మీద వేరే సిమ్, అందులో వాట్సాప్ బిజినెస్. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు వరకు ఒక్కో వారం ఒక్కొక్కరు చూస్తారు. ఆరు తర్వాత "రేపు పొద్దున్న చెబుతాం" అనే జవాబు దానంతటదే వెళుతుంది. సభ్యుల ఫోటోలు కూడా వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టాం. ఒప్పుకోని చోట చేతులు మాత్రమే కనబడేలా తీశాం. ఆవకాయ కలిపే చేతులు చాలు, ముఖం చూపించి తీరాలని ఏమీ లేదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. సైటు ఎవరిది? డబ్బు మనం ఇచ్చాం కాబట్టి మనదే అనుకుంటాం. సైటు పేరు, అంటే డొమైను, చేసిచ్చినవాళ్ల పేరు మీద రిజిస్టరయి ఉంటే కాగితం మీద అది వాళ్లదే. మనం నాలుగేళ్లు కష్టపడి ఆ పేరుకి మంచి పేరు తెచ్చాక, వాళ్లు ఫోన్ ఎత్తకపోతే మన దుకాణానికి తాళం పడినట్టే. స్థలం పట్టా ఎవరి పేరున ఉందని అడుగుతాం కదా, ఇది కూడా అలాగే అడగాలి. డొమైను గ్రూపు పేరున, గ్రూపు ఈమెయిలుతో ఉండాలి. పాస్‌వర్డులు కవరులో పెట్టి సంతకాలతో బీరువాలో ఉంచాలి. ఏ తేదీకి రెన్యువల్ కట్టాలో బుక్ కీపర్ దగ్గర రాసి ఉండాలి. ధర మార్చడం, సరుకు అయిపోతే "లేదు" అని పెట్టడం మనమే ఫోన్ నుంచి చేసుకునేలా నేర్పించమని కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. మామిడికాయ కాలం నెలన్నరే. ఆ నెలన్నరలో ధర మార్చడానికి టౌన్ నుంచి ఎవరో ఖాళీ అయ్యేదాకా ఆగితే కాలం దాటిపోతుంది.

"ఇదంతా అవసరమా, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుంటే చాలదా" అని కొందరు అక్కలు అడిగారు. మంచి ప్రశ్నే. నెలకి పది, పదిహేను ఆర్డర్లు వచ్చే గ్రూపుకి వాట్సాప్ బిజినెస్ కేటలాగే చాలు. దానికి ఖర్చు కూడా లేదు. తెలిసినవాళ్లు దాటి తెలియనివాళ్లు కొనడం మొదలయ్యాక సైటు కావాలి. ఒక్కో గ్రూపు ఒక్కో సైటు కాకుండా, నాలుగైదు గ్రూపులు కలిసి ఒకటి పెట్టుకున్నా బాగుంటుంది. సైటు పెట్టాక కొత్త బాధ్యత కూడా వస్తుంది. చేయగలిగినంతే ఆర్డరు తీసుకోవాలి. పండక్కి నలభై కిలోల సున్నుండలు చేయగలిగితే నలభై కిలోలు పూర్తవగానే ఆపెయ్యాలి. ఆశపడి అరవై తీసుకుంటే రాత్రిళ్లు కూర్చునేది మనమే, మాట పోయేదీ మనదే.

చివరగా, ప్రతి గ్రూపూ చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాం. దీనికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోన్లలో అన్నింటికన్నా పాతది తీసుకోండి. సిగ్నల్ తక్కువుండే చోట, మధ్యాహ్నం ఎండలో, మీ సైటు ఎప్పుడూ చూడని ఒకావిడకి ఇవ్వండి. అత్తగారైనా సరే, పక్కింటి పిన్నిగారైనా సరే. ఒక్క చేత్తో ఒక సరుకు కొనమనండి. మీరు నోరు మెదపకండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ కళ్లు చికిలించిందో, ఎక్కడ మీ వైపు చూసిందో రాసుకోండి. ఆ మూడు చోట్లే బాగు చేయించండి. వచ్చే నెల మళ్లీ చేయండి. మేము ఈ పనిని నెలవారీ సమావేశంలో అప్పుల వసూలు తర్వాత అంశంగా పెట్టుకున్నాం.

సమాఖ్యని మేము కోరేవి మూడు. ప్రతి గ్రామ సంఘంలో ఫోన్ పని బాగా తెలిసిన ఒక అమ్మాయికి శిక్షణ ఇప్పించి, ఆమె చేసిన పనికి కూలి కట్టండి, ఊరికే చేయించుకోవద్దు. సైటు చేసేవాళ్లతో రాసుకునే ఒప్పందానికి తెలుగులో ఒక నమూనా తయారుచేసి అన్ని గ్రూపులకీ ఇవ్వండి. సరుకుల ఫోటోలు తీయడానికి సమాఖ్య భవనం వసారాలో నెలకి ఒక రోజు కేటాయించండి.

మనం తెచ్చిన అప్పుకి నెల తిరిగేసరికి వాయిదా వస్తుంది. సీసాలు అరల్లో కూర్చుంటే వాయిదా పొదుపులోంచి పోతుంది. సీసాలు కదిలితే అమ్మకంలోంచి పోతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా మన పిల్లల ఫీజులో, మన ఇంటి బియ్యంలో తెలుస్తుంది. అందుకే అర ఎం.బి. ఫోటో గురించీ, సెంటీమీటరు బటను గురించీ ఇంతసేపు చెప్పాం. సైటు కావాలనుకునే గ్రూపులు మా యూనిట్‌కి రండి. మా మినిట్స్ పుస్తకం చూపిస్తాం, మీ ఫోన్లోనే తెరిచి చూసుకుందురు గాని.